బిందె మోసే బొమ్మకి నడక నేర్పడం

ఎనిమిది నెలలైంది ఈ పని మొదలుపెట్టి. పగలు ఉద్యోగం, రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా ఇదే, ఆదివారం అయితే పొద్దున్నుంచీ ఇదే. ఒక చిన్న గేమ్ చేస్తున్నా. అందులో ఒక అమ్మాయి చంకన నీళ్ళ బిందె పెట్టుకుని పొలం గట్టు మీద నడుచుకుంటూ ఇల్లు చేరాలి, అంతే గేమ్. కత్తుల్లేవు తుపాకుల్లేవు. గట్టు సన్నగా ఉంటుంది, ఒకచోట తడిసి జారుతుంది, మధ్యలో పిల్లకాలవ దాటాలి, ఎదురుగా మేకల మంద వస్తుంది, ఇల్లు చేరేసరికి బిందెలో ఎన్ని నీళ్ళు మిగిలాయో అదే స్కోరు. గేమ్‌ప్యాడ్ ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో నడుం వంపు, ఇంకే బటన్లూ లేవు.

వినడానికి చిన్నదే. కానీ ఈ అమ్మాయి నడిస్తే చూసేవాళ్ళకి బిందె బరువు తెలియాలి, అది నా పట్టుదల. దానికోసమే యానిమేషన్ వదిలిపెట్టి ఫిజిక్స్ సిమ్యులేషన్ లోకి, అంటే బరువు బలం లెక్కలతో బొమ్మని కదిలించే పనిలోకి వచ్చా, ఆ కథే ఇవాళ రాస్తున్నా.

ముందు నేను ఆరేళ్ళు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో కీఫ్రేమ్ యానిమేటర్‌ని. నడక అంటే నాకు వాక్ సైకిల్, అంటే రెండడుగులు చేసి వాటినే మళ్ళీ మళ్ళీ తిప్పడం, సెకనుకి 24 ఫ్రేములు, పాదం ఎక్కడ ఆనింది, నడుం ఎక్కడ కిందకి దిగింది, చెయ్యి ఎంత వెనక్కి పోయింది అన్నీ చేత్తో పెట్టేవాడిని. ఆ పని మీద నాకు ఇప్పటికీ ప్రేమే. సినిమాలో అయితే షాట్ ఒక్కటే, కెమెరా ఒక్కటే, ఆ ఒక్క నడక ఎంత బాగా చెయ్యాలో అంత బాగా చేసుకోవచ్చు. గేమ్‌లో అట్లా కాదు కదా, ఆడేవాడు ఎప్పుడు ఏం చేస్తాడో మనకి తెలీదు. లెక్క వేశా. బిందె నిండుగా, ముప్పాతిక, సగం, ఖాళీ, నాలుగు రకాలు. గట్టు ఎక్కడం, దిగడం, సమంగా నడవడం, మూడు. ఒళ్ళు ఎడమకి వాలి ఉంది, కుడికి వాలి ఉంది, తిన్నగా ఉంది, ఇంకో మూడు. అప్పుడే 36 నడకలు, ఇందులో జారడం తూలడం మేక గుద్దుకోవడం ఇంకా రానేలేదు, పైగా నీళ్ళు ఒలికే కొద్దీ బరువు కొంచెం కొంచెంగా మారుతుంది కాబట్టి ఈ 36 మధ్యలో కూడా ఎన్నో ఉంటాయి. రెండు యానిమేషన్లు కలిపి బ్లెండ్ చేస్తే పాదాలు నేల మీద జారినట్టు కనిపిస్తాయి. బరువు అస్సలు కనపడదు, బిందె థర్మాకోల్‌తో చేసినట్టు ఉంటుంది.

గేముల్లో ఫిజిక్స్ బొమ్మలు కొత్తేం కాదు. 1998లో వచ్చిన ట్రెస్‌పాసర్ అనే గేమ్‌లోనే డైనోసార్లని ముందే చేసిపెట్టిన యానిమేషన్‌తో కాకుండా అప్పటికప్పుడు లెక్కలతో నడిపించాలని చూశారు. 2000లో హిట్‌మ్యాన్ మొదటి గేమ్‌కి థామస్ యాకబ్సన్ అనే ఆయన చేసిన పద్ధతి అయితే నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది, ఆయన 2001 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దాని గురించి వివరంగా చెప్పాడు కూడా. ప్రతి బిందువుకీ ఇప్పుడు ఎక్కడుంది, ఇంతకుముందు ఫ్రేములో ఎక్కడుంది, ఈ రెండే గుర్తుపెట్టుకుంటాడు, వేగం అని విడిగా దాచుకోడు, ఆ తర్వాత ఎముక పొడవు మారకుండా బిందువుల్ని దగ్గరకీ దూరానికీ జరిపి సరిచేస్తూ పోతాడు, అంతే, దాంతోనే ఒక మనిషి ఒళ్ళు మెట్ల మీద పడుతూ దొర్లేది. ఆ కాలం కంప్యూటర్ల మీద.

అయితే అప్పటి గేముల్లో చాలావాటిలో ఒకటి గమనించండి. బొమ్మ చచ్చిపోయాకే దాన్ని ఫిజిక్స్ చేతికి ఇచ్చేవాళ్ళు. బతికున్నంతసేపూ యానిమేటర్ చేసిన కదలికే, తూటా తగిలిన క్షణం నుంచి రాగ్‌డాల్, అంటే గుడ్డబొమ్మ. ప్రాణం ఉన్న ఒంటికి ఫిజిక్స్ పెట్టడం దానికన్నా ఎన్నో రెట్లు కష్టం, ఎందుకంటే ప్రాణం ఉన్న ఒళ్ళు పడిపోకుండా ప్రతి క్షణం ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. ఊరికే నిలబడి బస్సు కోసం చూస్తున్న మనిషి కూడా. 2008లో జీటీఏ 4 వచ్చినప్పుడు అందులో మనుషులు తోస్తే తూలి, రెండడుగులు వేసి, గోడ పట్టుకుని నిలదొక్కుకోడం చూసి హాస్టల్‌లో మేం నలుగురం ఆట ఆపేసి గంటసేపు రోడ్డు మీద వాళ్ళని తోస్తూనే ఉన్నాం. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన నేచురల్‌మోషన్ అనే కంపెనీ వాళ్ళ యుఫోరియా అనే సాఫ్ట్‌వేర్ అది. ప్రతిసారీ కొత్తగా పడేవాళ్ళు. ఆ గంట నా మనసులోంచి ఎప్పటికీ పోలేదు.

ఇంకోటి చెప్పాలి. మాది ధర్మవరం దగ్గర పల్లె. పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు జాతరలో తోలుబొమ్మలాట పెడితే నేను తెర ముందు కూర్చోకుండా వెనక్కి పోయి చూసేవాడిని. మేకతోలు గీకి గీకి వెలుతురు దూరేంత పల్చగా చేస్తారు, రంగులు వేస్తారు, భుజం దగ్గర మోచేయి దగ్గర మోకాలు దగ్గర విడి ముక్కలు చేసి దారంతో ముడేస్తారు. ఒళ్ళు మధ్యలో ఒక పుల్ల, చేతులకి పుల్లలు. కాళ్ళు మాత్రం ఊరికే వేలాడుతుంటాయి, వాటిని ఎవరూ పట్టుకోరు. బొమ్మని ముందుకి జరిపితే ఒళ్ళు ముందు కదులుతుంది, కాళ్ళు ఒక రవ్వ ఆలస్యంగా వస్తాయి, ఆగితే ఒళ్ళు ఆగిపోతుంది కాళ్ళు ఇంకొంచెం ఊగి ఆగుతాయి. ఆ ఆలస్యంలోనే హనుమంతుడికి బరువు వచ్చేది. బొమ్మ ఆడించే ఆయన ఏం పట్టుకున్నాడు ఏం వదిలేశాడు అన్నదే ఆ ఆట మొత్తం. నా ఎనిమిది నెలల పని కూడా తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది, ఏ కీలు బిగించాలి ఏ కీలు వదిలెయ్యాలి, ఏ క్షణంలో ఎంత.

ఇప్పుడు అసలు పనిలోకి వస్తా. యూనిటీ అనే గేములు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నా. అమ్మాయి ఒళ్ళు 15 ముక్కలు, ఒక్కో ముక్కకీ బరువు ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య జాయింట్, ఆ జాయింట్‌లో ఒక మోటార్ లాంటిది. నేను చేత్తో చేసిన వాక్ సైకిల్ ఒక్కటే, అది కంటికి కనిపించని ఇంకో బొమ్మ మీద నడుస్తూ ఉంటుంది. కనిపించే బొమ్మలో ప్రతి కీలూ ఆ కనిపించని బొమ్మ భంగిమని అందుకోడానికి బలం పెడుతుంది. అందుకోవాల్సిన కోణం ఎంత దూరంలో ఉందో అంత గట్టిగా లాగుతుంది, ఎంత వేగంగా కదులుతుందో అంత వెనక్కి పట్టి ఆపుతుంది. ఆసుపత్రుల్లో తలుపులకి డోర్ క్లోజర్ ఉంటుంది చూడండి, అచ్చం అదే, లోపల స్ప్రింగ్ మూయాలని తోస్తుంది, నూనె దాన్ని నిదానంగా పోనిస్తుంది. నూనె తక్కువైతే తలుపు ఢాం అంటుంది, ఎక్కువైతే మూసుకోడానికే మనసు రానట్టు ఉంటుంది. ఇట్లాంటివి నా బొమ్మలో పద్నాలుగు ఉన్నాయి, పద్నాలుగింటికీ స్ప్రింగ్ ఎంత, నూనె ఎంత అని కూర్చుని తిప్పడమే మొదటి రెండు నెలల పని.

మొదటి రోజు చేసిన తప్పు అందరూ చేసేదే అనుకుంటా, అన్ని కీళ్ళూ గట్టిగా బిగించేశా. బొమ్మ నిలబడింది, నడిచింది కూడా, కానీ బిగుసుకుపోయిన శవం నడిచినట్టు ఉంది. అన్నీ వదులు చేస్తే కుప్పకూలింది. చాలామంది ఇక్కడ చేసేదేంటంటే నడుముని కనపడని బలంతో పైనుంచి పట్టుకుంటారు, అంటే తోలుబొమ్మ నడుముకి పుల్ల ఉన్నట్టే. అప్పుడు బొమ్మ పడిపోదు, కాళ్ళు చేతులు ఊగుతుంటాయి, చూడ్డానికి సరదాగా ఉంటుంది. చాలా గేములకి అది చాలు. నా గేమ్‌కి మాత్రం సరిపోదు, ఎందుకంటే ఇక్కడ ఆటంతా పడిపోతానేమో అన్న దాంట్లోనే ఉంది, పైనుంచి పట్టుకుంటే ఇక గట్టు సన్నగా ఉంటే ఏంటి వెడల్పుగా ఉంటే ఏంటి.

అందుకే ఊరికి పోయినప్పుడు అమ్మని అడిగా, ఒకసారి బిందె ఎత్తుకుని నడువమ్మా వీడియో తీసుకుంటా అని. ఇప్పుడు ఇంట్లో కుళాయి ఉంది, బిందె మొయ్యాల్సిన పని లేదు, కానీ నా చిన్నప్పుడు బోరు దగ్గర్నుంచి రోజుకి ఎనిమిది పది బిందెలు మోసేది. "ఏంది రా నాయనా, నీళ్ళు మోసేది కూడా వీడియో తీస్తారా" అంటూనే కొంగు బిగించి బిందె ఎత్తుకుంది. వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీశా. ఆ వీడియో నేను వందల సార్లు చూసుంటా.

ఎడమ నడుం బయటికి తోసి దాని మీద బిందె ఆనించింది, ఎడమ చెయ్యి బిందె మెడ చుట్టూ. ఒళ్ళు నడుం దగ్గర్నుంచి కుడికి వాలింది. కుడి చెయ్యి పక్కకి లేచింది, మోచెయ్యి కొంచెం వంగి, వేళ్ళు విప్పుకుని. తల మాత్రం తిన్నగా ఉంది, ఒళ్ళు ఎంత వాలినా తల వాలలేదు, చూపు దారి మీదే. అడుగులు చిన్నవి, గబగబా. నేను ఊహించుకుని చేసిన వాక్ సైకిల్‌లో పెద్ద పెద్ద అడుగులు, బరువు మోస్తున్నట్టు నిదానంగా పెట్టా, అది తప్పు అని అప్పుడే తెలిసింది.

లెక్క కూడా వేసి చూశా. మనిషి 52 కిలోలు, బిందె నీళ్ళతో 17 కిలోలు, బిందె మధ్యభాగం ఒంటి మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. స్కూల్లో గరిమనాభి అని చదువుకున్నాం చూడండి, ఇద్దరిదీ కలిపిన గరిమనాభి బిందె వైపు దాదాపు 6 సెంటీమీటర్లు జరుగుతుంది. పాదం వెడల్పు తొమ్మిదో పదో సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకి 5 లోపే. ఒంటికాలి మీద ఉన్న క్షణంలో ఆ 6 సెంటీమీటర్లు చాలు పడిపోడానికి. మళ్ళీ పాదం మీదకి తెచ్చుకోవాలంటే ఒళ్ళు బిందెకి అవతలి వైపు 8 సెంటీమీటర్లు జరగాలి. అమ్మ ఈ లెక్క ప్రతి అడుగుకీ చేస్తుంది, గట్టు మీద, చెప్పుల్లేకుండా, పక్కనున్న ఆమెతో మాట్లాడుకుంటూ.

మరి బొమ్మకి ఇది ఎట్లా నేర్పాలి? ఇక్కడ నన్ను ఆదుకుంది 2007లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు చేసిన సిమ్‌బైకాన్ అనే పద్ధతి. కాంగ్‌కాంగ్ యిన్, కెవిన్ లోకెన్, మిషెల్ వాన్ డె పాన్ చేశారు. దాంట్లో గుండెకాయ ఒకే ఒక్క లైను. నేల మీద ఉన్న పాదం నుంచి గరిమనాభి ఎంత దూరం జరిగింది, ఎంత వేగంగా జరుగుతోంది, ఈ రెంటినీ తలా ఒక అంకెతో గుణించి, గాల్లో ఉన్న కాలు తొడ కోణానికి కలుపు. అంతే. ఒళ్ళు కుడికి పడిపోతుంటే గాల్లో ఉన్న కాలు ఇంకొంచెం కుడికి పోయి ఆనుతుంది, ముందుకి పడిపోతుంటే ఇంకొంచెం ముందుకి. నడక అంటే పడిపోతూ పాదం సరైన చోట పెట్టుకోవడమే కదా. ఇది అంతకుముందు నుంచీ వస్తున్న ఆలోచనే, గెంతే రోబోలు చేసిన మార్క్ రైబర్ట్ జెసికా హాడ్జిన్స్‌తో కలిసి 1991లో కాళ్ళ బొమ్మల యానిమేషన్ మీద పేపర్ రాసినప్పుడు కూడా, పాదం ఎక్కడ పెడితే వేగం ఎట్లా మారుతుంది అన్నదే ముఖ్యం. ఆ రైబర్టే తర్వాత బోస్టన్ డైనమిక్స్ పెట్టాడు.

ఆ లైను రాసి రన్ చేసిన రాత్రి నాకు బాగా గుర్తుంది. పన్నెండున్నర అయ్యుంటుంది. బొమ్మ మూడడుగులు వేసింది, నేను మౌస్‌తో భుజం మీద తోశా, పక్కకి ఒక అడుగు వేసి నిలదొక్కుకుంది. ఆ అడుగు నేను చెయ్యలేదు. ఆరేళ్ళు ప్రతి అడుగూ చేత్తో చేసినవాడికి అది ఎట్లా ఉంటుందో చెప్పలేను, లేచి బాల్కనీలోకి పోయి కాసేపు నిలబడి వచ్చి మళ్ళీ తోశా.

ఇక బిందె. బిందె చేతికి తగిలించగానే అంతా చెదిరిపోయింది. చెయ్యి వణికింది, ఆ వణుకు భుజానికి పాకింది, అర సెకనులో బొమ్మ ఆకాశంలోకి ఎగిరిపోయింది. రెండు వారాలు పట్టింది కారణం పట్టుకోడానికి. అరచెయ్యి బరువు 300 గ్రాములు, దానికి వేలాడుతున్న బిందె 17 కిలోలు, దాదాపు 57 రెట్లు. ఫిజిక్స్ ఇంజిన్ ఒక్కో జాయింట్‌నీ వరసగా సరిచేసుకుంటూ పోతుంది, ఒకటి సరిచేస్తే పక్కది చెడుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది, ఇట్లా ప్రతి స్టెప్‌లో కొన్ని చుట్లు తిరిగి ఆపేస్తుంది, యూనిటీలో మామూలుగా ఉండేది 6 చుట్లు. తేలిక ముక్కకి బరువైన ముక్క వేలాడితే ఆ ఆరు చుట్లలో లెక్క తేలదు, మిగిలిన తప్పు తర్వాతి స్టెప్‌కి పోతుంది, అట్లా పెరుగుతూ పెరుగుతూ పేలిపోతుంది. చుట్లు 24 చేశా. సెకనుకి 50 సార్లు ఉన్న లెక్కని 200 సార్లకి పెంచా. అరచేతికి కిలో బరువు ఇచ్చా, ముంజేతికి కూడా కొంచెం పెంచా. కానీ అన్నిటికన్నా పని చేసింది మళ్ళీ అమ్మ వీడియోనే. బిందె బరువు చెయ్యి మొయ్యట్లేదు, నడుం మోస్తోంది! చెయ్యి పక్కకి పడకుండా ఆపుతోంది అంతే. బిందెని నడుముకి ఆనించి జాయింట్ పెట్టి, చేతికి మెత్తని స్ప్రింగ్ మాత్రం ఇస్తే వణుకు పోయింది. నడుం ముక్క 8 కిలోలు, బిందె 17, రెండు రెట్లే కదా, ఇంజిన్ హాయిగా తేల్చేసుకుంది. మన వాళ్ళు బిందె చంకన ఎందుకు పెట్టుకుంటారో ఆ ఇంజిన్ నాకు ఇంకోరకంగా చెప్పినట్టయింది.

ఇంకో చిన్న సంగతి, ఇదే దారిలో వచ్చేవాళ్ళకి ఉపయోగపడుతుందని. కాళ్ళు ఎంత బలం పెట్టినా నీళ్ళలో నడుస్తున్నట్టు కదులుతుంటే స్ప్రింగులు పెంచుకుంటూ పోకండి, ముందు రిజిడ్‌బాడీ, అంటే బొమ్మలో ఒక్కో ముక్క, దాని గరిష్ఠ కోణీయ వేగం ఎంత ఉందో చూడండి. నా ప్రాజెక్టులో సెకనుకి 7 రేడియన్లు ఉంది, అంటే సెకనుకి ఒక చుట్టు కన్నా కాస్త ఎక్కువ, తూలినప్పుడు మోకాలికి అది ఏ మూలకీ చాలదు. 30కి పెంచగానే కాళ్ళకి ప్రాణం వచ్చింది.

నీళ్ళ సంగతి నాకు చాలా ఇష్టమైన భాగం. నీళ్ళని నీళ్ళలాగే సిమ్యులేట్ చేస్తే నా లాప్‌టాప్ తట్టుకోదు. రాకెట్ల ఇంధన ట్యాంకుల్లో ఇంధనం అటూ ఇటూ కొట్టుకునేదాన్ని ఇంజినీర్లు లోపల ఒక లోలకం వేలాడుతున్నట్టు లెక్కేస్తారు, నేనూ అదే చేశా, బిందె లోపల కనపడని లోలకం. బిందె నిండుగా ఉంటే నీళ్ళకి కొట్టుకోడానికి చోటు లేదు కాబట్టి లోలకం బరువు చాలా తక్కువ, సగం ఉంటే ఎక్కువ, అడుగంటితే మళ్ళీ తక్కువ. నిండు కుండ తొణకదు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, మనుషుల గురించే అనుకున్నా, కుండ గురించి కూడా అది అక్షరాలా నిజం. గేమ్‌లో సగం బిందె మొయ్యడం నిండు బిందె కన్నా కష్టమైంది, బరువు తక్కువే అయినా, ఎందుకంటే ఆ బరువు ఒకచోట ఉండదు, అడుగు పడ్డాక ఆలస్యంగా వచ్చి గుద్దుతుంది.

ఆ లోలకం ఎంత వేగంగా ఊగాలి అనేదానికీ లెక్క ఉంది. 30 సెంటీమీటర్ల వెడల్పు బిందెలో నీళ్ళు అటూ ఇటూ సెకనుకి 1.7 సార్లు దగ్గర ఊగుతాయి. మనం మామూలుగా నడిచేది సెకనుకి రెండడుగుల లోపే. అంటే రెండూ దాదాపు ఒకటే! ఉయ్యాల ఊగుతుంటే సరిగ్గా దాని ఊపుకే తోసినట్టు, మన అడుగే నీళ్ళని ప్రతిసారీ తోస్తుంది. ఇది నేను నీళ్ళ పని అయ్యాక కాగితం మీద లెక్కేస్తే తెలిసింది, దానికి ముందే మా పిన్ని కూతురు, తొమ్మిదో తరగతి, గేమ్ ఆడుతూ "అన్నా, చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తే ఒలకట్లేదు చూడు" అంది. అది నేను ఎక్కడా కోడ్‌లో రాయలేదు. దానికి ఎవరూ చెప్పలేదు. అమ్మ నడకని ఆ పిల్ల జాయ్‌స్టిక్‌తో మళ్ళీ కనిపెట్టింది. ఫిజిక్స్ పెట్టినందుకు నాకు దక్కింది ఇదే అనిపించింది ఆ రోజు.

బోరు దగ్గర ఆడవాళ్ళు బిందెలో ఒక వేపరెమ్మ వేసుకునేవాళ్ళు నీళ్ళు చిమ్మకుండా. గేమ్‌లో దారి పక్కన వేపచెట్టు పెట్టా, రెమ్మ తుంచుకుని బిందెలో వేస్తే లోలకానికి డ్యాంపింగ్, అంటే ఊపుని ఆపే గుణం పెరుగుతుంది. ఎక్కడా హింట్ ఇవ్వను, తెలిసినవాళ్ళు వేసుకుంటారు.

చాలామంది అడిగారు, ఇంత కష్టపడే బదులు మెషిన్ లెర్నింగ్‌తో చెయ్యొచ్చు కదా అని. 2018లో వచ్చిన డీప్‌మిమిక్ అనే పరిశోధన చూసినవాళ్ళు అడగడం సహజమే, మోక్యాప్ క్లిప్, అంటే నిజం మనిషి కదలికని రికార్డు చేసింది, ఒకటి ఇస్తే బొమ్మ లెక్కలేనన్నిసార్లు ప్రయత్నించి ప్రయత్నించి వెనక్కి పల్టీ కూడా నేర్చుకుంటుంది, తోసినా తట్టుకుంటుంది. అందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది, ప్రతిసారీ నేల మీద నిలబడే మొదలుపెట్టకుండా కొన్నిసార్లు పల్టీ మధ్యలో గాల్లోంచి మొదలుపెట్టిస్తారు, లేకపోతే గాల్లో ఏం చెయ్యాలో దానికి ఎప్పటికీ తెలిసే అవకాశమే రాదు. గొప్ప పని అది, సందేహం లేదు. కానీ నాకు కావాల్సింది ఒక్కో కీలు మీద చెయ్యి వేసి ఇక్కడ కొంచెం వదులు, ఇక్కడ కొంచెం బిగువు అని చెప్పుకునే వీలు. సాయంత్రం ఎనిమిదో బిందె మోసేటప్పుడు అమ్మ భుజం కొంచెం కిందకి జారేది. నా బొమ్మలో దానికి భుజం స్ప్రింగ్ 15 శాతం తగ్గిస్తే చాలు. నేర్చుకున్న నెట్‌వర్క్‌కి ఆ మాట ఎట్లా చెప్పాలో, చెప్పడానికి మళ్ళీ ఎన్ని రోజులు ట్రైనింగ్ పెట్టాలో. యానిమేటర్‌గా అది వదులుకోడానికి నాకు మనసు ఒప్పుకోలేదు.

ఆడేవాళ్ళ చేతికి వచ్చేసరికి ఇంకో ఇబ్బంది ఉంది. స్టిక్ వదలగానే బొమ్మ ఆగదు. ఆగలేదు, 69 కిలోలు ముందుకి పోతున్నాయి, ఆగాలంటే ఇంకో అడుగు వెయ్యాలి, నిజం మనిషైనా అంతే. మామూలు గేములు అలవాటైనవాళ్ళు కంట్రోల్స్ లేటు అన్నారు. మొదట్లో కంగారుపడి కనపడని బ్రేకు ఒకటి పెట్టా, వెంటనే బిందె మళ్ళీ థర్మాకోల్ అయిపోయింది, తీసేశా. బదులుగా స్టిక్ వదిలిన క్షణంలోనే తల కొంచెం వెనక్కి, వేళ్ళు కొంచెం విచ్చుకునేటట్టు చేశా, ఒళ్ళు ఆగేది తర్వాతే. నువ్వు చెప్పింది విన్నాను, ఆగుతున్నాను అని ఒళ్ళు చెప్పినట్టుంటుంది. ఆ తర్వాత లేటు అని ఒక్కరూ అనలేదు.

చివరిదాకా మిగిలింది కుడి చెయ్యి. దాన్ని పూర్తిగా వదులు చేసేస్తే దానంతటదే లేస్తుందనుకున్నా, ఎందుకంటే అమ్మని అడిగితే "నేనేం లేపను రా, అదే పోతాది" అంది. వదిలేస్తే లేవలేదు, తాడులా వేలాడింది. అమ్మకి తెలియకుండా అమ్మ ఒళ్ళు చేస్తున్న పని అది. గరిమనాభి బిందె వైపు ఎంత జరిగితే కుడి భుజం కోణం అంత పెంచు అని ఒక లైను రాశా, మోచెయ్యి నుంచి కిందకి మాత్రం వదులుగా ఉంచా. ఇప్పుడు బోరు కింద బిందె నిండుతుంటే చెయ్యి నెమ్మదిగా లేస్తుంది, నీళ్ళు ఒలికితే ఒలికినంత కిందకి దిగుతుంది, మేక గుద్దుకుంటే ఒక్కసారి పైకి పోతుంది.

పోయిన వారం ఊరెళ్ళినప్పుడు అమ్మకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ దగ్గరికి జరిగి కూర్చుంది. అమ్మాయి బోరు దగ్గర బిందె నింపుకుని, ఎత్తుకుని, వాలి, చెయ్యి లేపి గట్టెక్కింది. అమ్మ ఏం మాట్లాడకుండా కాలవ దాకా చూసింది. తర్వాత స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఈ పిల్ల కొంగు దోపుకోలేదు రా, కాలవ దాటేటప్పుడు కాళ్ళకి అడ్డం పడతాది" అంది.

కొంగు నేను ఊరికే ఒంటికి అంటించి వదిలేశా, దానికి సిమ్యులేషన్ లేదు. ఈ వారం గుడ్డ సిమ్యులేషన్ మీద కూర్చున్నా. నడుం దగ్గర రెండు బిందువులు పిన్ చేస్తే దోపినట్టు నిలబడుతోంది కానీ ఒళ్ళు కుడికి వాలినప్పుడు లాగేస్తోంది, అమ్మ దోపేటప్పుడు అక్కడ ఒక మడత వదులుగా ఉంచుతుంది, ఆ మడత ఎంత పొడవు ఉండాలో చూస్తున్నా.